కుంచెడు తౌడు

తవిటినాయుడిని అమ్మేసేనాటికి అతని వయసు నాలుగు రోజులు. ధర కుంచెడు తౌడు.

ఉత్తరాంధ్రలో పుట్టి పెరిగినవాళ్లకి ఇందులో వింతేమీ కనపడదు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఏ ఊరి ఓటర్ల జాబితా తిరగేసినా ఇద్దరు తవిటయ్యలు, ఒక తవిటమ్మ తగలకుండా ఉండరు. పుట్టిన బిడ్డ దక్కదనిపిస్తే తల్లి ఆ బిడ్డని ఇంకో ఇంటి ఆడమనిషికి తౌడుకి అమ్మేస్తుంది. కొన్నావిడ తల్లవుతుంది, కన్నావిడ ఎవరో అవుతుంది. యముడు వచ్చి ఫలానా ఆవిడ కొడుకేడీ అని అడిగితే, ఆవిడకి కొడుకుల్లేరు బాబూ, ఉన్నవాణ్ణి తౌడుకి ఇచ్చేసింది, అంత చవక సరుకు నీకెందుకు అని చెప్పడమన్నమాట. యముడు ఆ మాట నమ్మి వెళ్లిపోవాలి. ఇంతమంది తవిటయ్యలు బతికి ఉన్నారు కాబట్టి నమ్ముతున్నాడనే అనుకోవాలి.

తొంభై ఒకటో సంవత్సరం డిసెంబరు. నెల్లిమర్లలో జూటు మిల్లు కార్మికులుండే పెంకుటిళ్ల వరసలో దేముడమ్మకి ఏడో నెల దాటకుండానే నొప్పులొచ్చాయి. అంతకుముందు ఇద్దరు పుట్టి పోయారు. ఈ మూడోవాణ్ణి చిల్లరకొట్టు తాసులో పెడితే కేజీ మీద గుప్పెడు తూగాడు. వేళ్లకి గోళ్లు పూర్తిగా రాలేదు. ఏడవడానికి నోరు తెరిచేవాడు గానీ శబ్దం వచ్చేది కాదు. దేముడమ్మ వాణ్ణి దూది పరిచిన చేటలో పడుకోబెట్టి, చుట్టూ వేడినీళ్ల సీసాలు పేర్చి, పాలు పిండి దూదివత్తితో పెదవుల మీద చుక్క చుక్క అద్దింది. నాలుగోరోజు పొద్దున్న ఊపిరి తీసినప్పుడల్లా వాడి డొక్క లోపలికి పోవడం మొదలయింది. ఊళ్లో మందులిచ్చే డాక్టరు వచ్చి చూసి, ఫీజు పుచ్చుకోకుండా వెళ్లిపోయాడు. ఫీజు వద్దన్నాడంటే సంగతేమిటో దేముడమ్మకి అర్థమయింది.

"ఇంకేటి సూస్తన్నావు? తౌడుకిచ్చీ" అంది పురుళ్లు పోసే ముసలమ్మ.

ఇవ్వడానికి దేముడమ్మ సిద్ధమే, కొనేవాళ్లేరీ? వరసలో మూడిళ్లు అడిగారు. ఒకావిడ ఇంట్లో తౌడు నిండుకుందంది. ఒకావిడ ముట్టయ్యానంది. మూడో ఆవిడ ఉన్నమాట అనేసింది. "కొన్నాక పోతే నా సేతిలో పోనాడంతారు. నాకూ పిల్లలున్నారమ్మా." ఆవిడని తప్పుపట్టడానికి లేదు. చచ్చిపోయేవాణ్ణి కొనడానికి గుండెధైర్యం కావాలి.

అప్పుడు గోడ అవతలి ఇంట్లోంచి మరిడమ్మ వచ్చింది. దేముడమ్మ మొగుడు సూరయ్యకి ఆవిడ తోడబుట్టిన అప్ప. నోట్లో అడ్డచుట్ట, చంకలో చేట, చేటలో గేదె కోసం ఉంచిన తౌడు కుంచెడు.

"నానే కొంతాను. నా తమ్ముడి కొడుకు నాకు బరువేటి?"

ముసలమ్మ కంగారుపడింది. "ఓలమ్మ, నువ్వు కొనకూడదే! మేనత్తవి. రేపు నీకు ఆడపిల్ల పుడితే వరస సెడిపోతాది."

నాలుగు రోజులుగా పక్క మీంచి లేవని దేముడమ్మ లేచి కూర్చుంది. "బతికితే కదే వరస!" అని అరిచింది.

మరిడమ్మ తౌడు దేముడమ్మ కొంగులో ఒంపి, దూదితో సహా పిల్లాణ్ణి ఎత్తుకుని, గుమ్మం దాటి మూడడుగులు నడిచి, వెనక్కి వచ్చి మళ్లీ చేటలో పడుకోబెట్టింది. "నా కొడుకు. జాగర్తగా సూడు దేముడూ" అంది. పిల్లాడు బతికాడు. తౌడు వల్లో, దూది వల్లో, ఏడో నెలవాళ్లది గట్టి ప్రాణమని జనం చెప్పుకునే మాట వల్లో తెలియదు. మూడేళ్లకి మరిడమ్మకి ఆడపిల్ల పుట్టింది. ఉష అని పేరు పెట్టుకున్నారు. ముసలమ్మ అప్పటికే కాలం చేసింది కాబట్టి నేను ముందే చెప్పానని ఎవరూ అనలేదు.

అమ్మకం ఉత్తుత్తిది కాదని యముడికి నమ్మకం కుదరాలి కదా. అందుకని తవిటినాయుడికి మాటలు వచ్చేసరికి మరిడమ్మని అమ్మా అనీ, కన్నతల్లి దేముడమ్మని అత్తా అనీ పిలవడం నేర్పారు. నేర్పింది దేముడమ్మే. నీళ్లు పోసేది, అన్నం పెట్టేది, నిద్రలో ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునేది ఈవిడ. అమ్మా అనిపించుకునేది గోడ అవతల ఆవిడ. ఎప్పుడైనా నోరు జారి వాడు తనని అమ్మా అంటే దేముడమ్మ నోటి మీద ఒక్కటిచ్చేది, ఇచ్చి పెరట్లోకి పోయి ఏడ్చేది. వాడికి పదేళ్లు దాటాక, "ఇంక బయమేటే, పిలుపు మార్సీ" అని మరిడమ్మే అంది. దేముడమ్మ ఒప్పుకోలేదు. "ఎవులింతన్నారో ఏటో వదినా" అని పైకి చూసింది. వినేవాడు ఎవడో మరిడమ్మకి అడగకుండానే తెలిసింది.

తవిటినాయుడికి ఉన్న లోపాలు మరీ పెద్దవేం కావు. మనిషి పొట్టి. కళ్లకి మైనస్ పదకొండు. ఎడమకాలు కొంచెం ఈడుస్తాడు. చలికాలం వస్తే ఛాతీలో పిల్లికూతలు. ఇంతకన్నా ఎక్కువ కష్టాలున్నవాళ్లు పదిమందిలో పడి తిరుగుతున్నారు. అతన్ని పాడుచేసింది జాగ్రత్త. ఏటా బడి తెరిచిన రోజున దేముడమ్మ వెళ్లి తరగతిలో పిల్లలందరికీ తలో బెల్లం జీడిముక్క పంచి, "మా బాబు ఏడో నెలోడు. కొట్టకండి నాన్నా, తోసీకండి" అని ఒక్కొక్కడి చెయ్యీ పట్టుకుని అడిగేది. పిల్లలు మాట నిలబెట్టుకున్నారు. పదేళ్లలో అతన్ని ఒక్కడు కొట్టలేదు, ఒక్కడు తిట్టలేదు, ఎవడూ వెక్కిరింత పేరు కూడా పెట్టలేదు. ఎవరూ కొట్టనివాడికి స్నేహితులెక్కడి నుంచి వస్తారు? కబడ్డీ ఆడేటప్పుడు చెప్పులు అతని ముందు పెట్టి చూస్తుండమనేవారు. అతను చూస్తుండేవాడు.

డిగ్రీలో నరేష్ అని ఒక్కడు మాత్రం అతన్ని మనిషి కింద జమకట్టాడు. ఒక ఆదివారం బండి ఎక్కించుకుని చింతపల్లి సముద్రానికి తీసుకుపోయాడు, ఇంకో నలుగురితో. అరగంట తిరక్కుండా దేముడమ్మ ఆటో కట్టించుకుని దిగింది. ఇసకలో స్వెట్టరు పట్టుకుని నిలబడ్డ ఆవిడని చూసి నలుగురూ నవ్వారు. నరేష్ నవ్వలేదు. కానీ మళ్లీ ఎప్పుడూ పిలవలేదు కూడా.

జీడిముక్క పుచ్చుకోని మనిషి లోకంలో ఒక్కతే ఉంది. ఉష అతని కళ్లజోడు లాక్కుని పరిగెత్తేది, మొద్దూ అని తిట్టేది, పంచుకున్న మామిడికాయలో పెద్ద చెక్క తనే తినేది. పన్నెండేళ్లప్పుడు ఏదో తగాదాలో అతని చెంప మీద కొట్టింది. దేముడమ్మ ఊరంతా వినిపించేలా గోల చేసింది గానీ, తవిటినాయుడు మాత్రం ఆ చెంపని సాయంత్రం దాకా తడుముకుంటూ సంతోషంగా ఉన్నాడు. అన్నా అని పిలవమని ఇంట్లో ఎంత చెప్పినా ఆ పిల్ల వినలేదు. తవిటీ అనే పిలిచేది.

చదువయ్యాక అతను విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఒక కళ్లజోళ్ల షాపులో చేరాడు. ముందు కూర్చుని జనంతో మాట్లాడే పని కాదు. వెనకగదిలో నీళ్లు చిమ్మే చక్రం మీద అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించి, ఆఖర్న మనిషి చెవులకి సరిచేసే పని. చేతిలో పనితనం ఉంది, మాట్లాడనక్కర్లేదు, ఉద్యోగం ఒంటికి పట్టింది. ఉష ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి అదే ఊళ్లో రక్తపరీక్షల సెంటర్లో చేరింది. పొద్దున్న ఎనిమిదింటికి నెల్లిమర్లలో ఒకే షేరాటో ఎక్కేవారు, సాయంత్రం ఏడింటికి ఒకే ఆటో దిగేవారు. ఆ అరగంటలూ ఆ పిల్ల వాగుతూనే ఉండేది. రక్తం చూస్తే కళ్లు తిరిగి పడిపోయే పోలీసుల గురించి, సూది అంటే ఏడ్చే పహిల్వాన్ల గురించి. తవిటినాయుడు నవ్వేవాడు. రోజులో అతను నవ్వేది ఆ గంటలోనే.

రెండువేల పద్దెనిమిది మే నెలలో ఉషకి కళ్లజోడు పడింది. అద్దాలు అతనే అరగదీశాడు. ముందుగదిలో స్టూలు మీద కూర్చోబెట్టి, ఆమె జుట్టు పక్కకి తప్పించి, చెవి వెనక ఫ్రేము కాడ ఎంత వంచాలో వేలితో తడిమి చూశాడు. అలాంటి చెవులు రోజుకి ఇరవై తడుముతాడు.

"ఏటి, సెయ్యి వణుకుతన్నాది?" అంది ఉష.

"సలి."

"మే నెల్లోనా?"

అతను రెండో చెవి వైపుకి తిరిగాడు. ఆ సాయంత్రం ఆటోలో మొదటిసారి ఇద్దరూ మాట్లాడకుండా కూర్చున్నారు.

ఈలోగా ఇంట్లో సంబంధాలు చూస్తూనే ఉన్నారు. గజపతినగరం నుంచి ఒకరు వచ్చారు. అంతా బాగానే ఉందనుకుంటుండగా దేముడమ్మ కాఫీ గ్లాసులు కింద పెట్టి అరచెయ్యి చాపింది. "పుట్టినప్పుడు ఇంతుండీవోడు తల్లీ. ఇక్కడ తల, ఇక్కడ కాళ్లు. దూదిలో పెట్టి పెంచినాను" అని మొదలుపెట్టి, పిల్లికూతల దాకా ఒక్కటి వదలకుండా చెప్పింది. పెళ్లికూతురి తల్లి అంతా విని, గొంతు తగ్గించి, "మరి రేపు పిల్లలూ అవీ..." అని అడిగింది. అంతే, మళ్లీ కబురు లేదు. రెండో సంబంధంలో పిల్ల అతనితోనే చెప్పింది, మిమ్మల్ని చూస్తే జాలేస్తోందండీ అని. మూడోదానికి ముందు సూరయ్య పెళ్లాం కాళ్లకి దణ్ణం పెట్టినంత పని చేశాడు. "నీ నోరు కట్టీసుకోయే బాబూ, ఆ కథ సెప్పకు" అన్నాడు. ఆవిడ గంటసేపు ఓర్చుకుంది. వాళ్లు లేచి చెప్పులేసుకుంటుండగా వీధిలో పట్టుకుని చెప్పేసింది. ఆవిడని మాత్రం ఏమనగలం? జీవితంలో ఆవిడ చేసిన ఘనకార్యం అదొక్కటే. చెప్పుకోకుండా ఎలా ఉంటుంది?

రెండువేల పంతొమ్మిది నవంబరులో ఒక సోమవారం సాయంత్రం, ఆటో దిగి ఇళ్ల వరస వైపు నడుస్తుండగా ఉష ఆగింది.

"ఆదివారం బోగాపురం నుంచి నన్ను సూడ్డానికొస్తన్నారు. గిరిబాబట. రెండు టిప్పర్లున్నాయట."

"నీకిష్టమేనా?"

"నాకు నువ్విష్టం."

తవిటినాయుడు కళ్లజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. అద్దాలు లేకపోతే అతనికి ఆమె ముఖం కనపడదు. అందుకే తీశాడు.

"మనం అన్నాసెల్లెలి వరస" అన్నాడు చివరికి.

"రోజూ వందమంది రగతం సూస్తాను తవిటీ. తౌడు రగతం ఎక్కడా కనపళ్లేదు. మీ అయ్యకి మా అమ్మ అప్ప. నువ్వు నాకు మేనబావవి. లోకమంతా సేసుకునే మేనరికమే." ఆమె గొంతు అక్కడ తగ్గింది. "కానీ నాను ఎగబడి అడగను. ఆదివారం లోపల మీ ఇంట్లో నువ్వు నోరు తెరువు. తెరిస్తే తరవాతదంతా నాను సూసుకుంతాను. తెరవకపోతే ఆలకి ఊ అనీస్తాను. సెప్పీసినాను."

నోరు తెరవడానికి అతనికి రెండు రోజులు పట్టింది. బుధవారం పొద్దున్న దేముడమ్మ బియ్యం ఏరుతుంటే ఎదురుగా వచ్చి కూర్చుని, "అత్తా, నాను ఉషని సేసుకుంతాను" అన్నాడు. ఇరవై ఏడేళ్లలో అతను తనకి ఫలానాది కావాలని అడగడం అదే మొదలు. దేముడమ్మ చేతిలో బియ్యం చేతిలోనే ఉండిపోయాయి. ముందు నవ్వింది, తరవాత ఏడ్చింది. గోడ అవతలి పిల్ల కోడలై ఇవతలికి వస్తుంది. దాచాల్సిన కథ లేదు, కొత్తగా చెప్పాల్సిన కథ అంతకన్నా లేదు. పైగా మరిడమ్మ వాడికి అత్తయితే తను అమ్మవుతుంది. ఆవిడ ఆశ అక్కడిదాకా పోయింది.

కులపెద్ద అప్పలసూరి దగ్గరికి వెళ్లింది. మిల్లులో మేస్త్రీగా చేసి దిగిపోయిన మనిషి. ఆ ఇళ్ల వరసలో పెళ్లిగానీ చావుగానీ ఆయన మాట లేకుండా జరగదు. ఆయన చుట్ట నోట్లోంచి తీసి పక్కన పెట్టాడు.

"తౌడు పుచ్చుకున్నాక ఆడు మరిడమ్మ కొడుకే. అన్నాసెల్లెలికి పెళ్లి సేస్తే నలుగురూ ఉమ్మేస్తారు."

"మరి దారేటీ నేదా మావా?"

"ఉన్నాది. ఆ తౌడు మళ్లీ మరిడమ్మకి ఇచ్చీ. బేరం రద్దు. నీ కొడుకు నీకొచ్చీసినట్టే." ఆయన అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. చుట్ట మళ్లీ నోట్లో పెట్టుకుంటూ అన్నాడు, "మరొకటుందమ్మా. ఎవుడి సేతిలోంచి తప్పించడానికి అమ్మినామో, బేరం రద్దయితే ఆడు మళ్లీ లెక్కలోకొస్తాడు. అది నువ్వు సూసుకో."

పెద్దమనుషులకి ఇదొక అలవాటు. తలుపు తీసి, గుమ్మంలో తేలుందని చెబుతారు.

దేముడమ్మ రెండు రాత్రులు నిద్రపోలేదు. అయినా శనివారం పొద్దున్న రైసుమిల్లు నుంచి కొత్త తౌడు తెచ్చి, కుంచంతో కొలిచి, చేటలో పోసింది. ఎంత తీసుకుందో అంతే. చేట పట్టుకుని ముందు ఆవిడ, వెనక తవిటినాయుడు, ఆ వెనక సూరయ్య, ఇంట్లోంచి దిగి గోడ చుట్టూ తిరిగి మరిడమ్మ గుమ్మం దగ్గరికి వచ్చారు. అంతా కలిపి పది అడుగులు. మరిడమ్మ అప్పటికే కొంగు చాపి నిల్చుంది. మొగుడు పోయి, గేదె పాలమ్మి పిల్లని చదివించిన మనిషి. ఆవిడకి భయాలు తక్కువ. వెనకాల తలుపు పట్టుకుని ఉష ఉంది. ఆ వేళ ఆ పిల్ల కొత్త చీర కట్టింది. ల్యాబుకి సెలవు పెట్టింది.

"ఒంపీయే దేముడూ" అంది మరిడమ్మ. "నానేటి యముణ్ణా? నా మేనల్లుణ్ణి నాను అల్లుణ్ణి సేసుకుంతన్నాను. ఒంపీ."

దేముడమ్మ చేట ఎత్తి వంచబోయింది. కొత్త తౌడు, పొడిది. ముందు నాలుగు గింజల నూక రాలింది, దాంతోపాటు దుమ్ము లేచింది. వెనక నిలబడ్డ తవిటినాయుడు దగ్గాడు.

నవంబరులో అతను దగ్గడం కొత్తేమీ కాదు. తౌడు దుమ్ముకి ఎవరైనా దగ్గుతారు. మరిడమ్మ కూడా తుమ్మింది. కానీ దేముడమ్మకి వినపడింది ఆ దగ్గు ఒక్కటే. చేట సమంగా పట్టుకుని వెనక్కి తిరిగి కొడుకు డొక్క కేసి చూసింది. దగ్గినప్పుడు డొక్క లోపలికి పోతుంది కదా.

"నాను ఒంపలేను వదినా" అంది. "నా సేతులు రావు. నా వల్ల కాదు."

"అయితే ఆణ్ణే ఒంపమను" అంది మరిడమ్మ.

తవిటినాయుడు ముందుకొచ్చి తల్లి చేతుల్లోంచి చేట అందుకున్నాడు. ఉష తలుపు వదిలేసి గుమ్మంలోకి వచ్చింది. సూరయ్య, "ఒంపీరా బాబూ" అన్నాడు. ఆయన నోట అంత గట్టి మాట అంతకుముందెప్పుడూ ఎవరూ వినలేదు. తవిటినాయుడు చదువుకున్నవాడు. అద్దం ఏ కోణంలో వంచితే ఏం కనపడుతుందో తెలిసినవాడు. తౌడుకీ చావుకీ సంబంధం లేదని అతనికి తెలుసు. కానీ ఆ దగ్గు ఆగలేదు. ఛాతీలో పిల్లి కూసింది. ఒక్కసారి, ఒక్క క్షణం, నిజమైతేనో అనుకున్నాడు. ఇరవై ఏడేళ్లుగా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసిన ఆవిడ భయం పాలతోనే అతనిలోకి దిగిందేమో. ఒంపి, చచ్చి, అత్తకి అంత పని చెయ్యనా అనుకున్నాడు. అనుకోగానే చేట గుండెలకి హత్తుకుని, వెనక్కి తిరిగి, ఆ పది అడుగులూ దగ్గుతూ నడిచి ఇంటికి వెళ్లిపోయాడు.

ఉష గుమ్మంలో ఎంతసేపు నిలబడిందో ఎవరూ చూడలేదు. తౌడు సాయంత్రం మరిడమ్మ గేదెకే పెట్టారు, కానీ కుడితిలో కలిపి, దొడ్డిదారిన. అలా ఇస్తే లెక్కలోకి రాదు. ఆదివారం భోగాపురం వాళ్లొచ్చారు. ఉష ఊ అంది.

"బతికుంటే బలుసాకు తినొచ్చు బాబూ" అని దేముడమ్మ కొడుకు తల నిమిరింది. అతను తింటూనే ఉన్నాడు.

మరుసటేడు ఫిబ్రవరిలో పెళ్లి. పెళ్లికూతురి దోసిట్లో పేలాలు పొయ్యాలి, అన్నదమ్ములెవరని పురోహితుడు అడిగితే అందరి చూపులూ ఒకే వైపు తిరిగాయి. తవిటినాయుడు కొత్త పంచెలో, దళసరి అద్దాల్లోంచి చేతులు చూసుకుంటూ, మూడుసార్లు ఆమె దోసిట్లో పేలాలు పోశాడు. చెయ్యి వణికింది. ఈసారి ఆమె ఎందుకని అడగలేదు. అప్పలసూరి ముందువరసలో కూర్చుని, అన్నంటే అలా ఉండాలని పక్కవాళ్లతో చెప్పాడు.

ఆ తరవాత అతనికి సంబంధాలు చూడటం మానేశారు. దేముడమ్మ ఒకసారి మాటెత్తితే, "ఒద్దత్తా, ఆలకి మళ్లీ అరసెయ్యి సూపించాల" అన్నాడు. అతని వయసువాళ్లకి పిల్లలు బడికెళ్తున్నారు. ఫోన్లో పెళ్లిరోజు ఫొటోలు వస్తే బొటనవేలు గుర్తు పెట్టేవాడు. పొద్దున్న ఎనిమిదింటి ఆటోలో ఇప్పుడు అతని పక్కన ఎవరెవరో కూర్చుంటారు. అతను కిటికీలేని ఆటోలోంచి బయటికి చూస్తుంటాడు.

రెండువేల ఇరవై నాలుగు ఆగస్టులో సూరయ్య పోయాడు. మిల్లు నారదుమ్ము ముప్పై ఏళ్లు పీల్చిన ఊపిరితిత్తులు ఒకరోజు చాలించుకున్నాయి. ఇంటి ముందు పాడె కట్టారు. జనం చేరారు. ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తున్న అప్పలసూరి గుమ్మంలోకి వచ్చి కేకేశాడు.

"ఒరే తవిటీ, నెత్తి మీద నీళ్లోసుకుని తడిగుడ్డల్తో రా. తలకొరివెట్టాల్సినోడివి నువ్వే కదరా. సూరయ్యకి నువ్వు గాక ఇంకెవుడున్నాడు?"

తవిటినాయుడు లేచాడు. లేచి ఒక్క నిమిషం ఆగాడు. ఎవరైనా అంటారేమోనని చూశాడు. వీడు మరిడమ్మ కొడుకు కదా, తౌడుకి అమ్మేసినవాడు మేనమామకి కొరివెలా పెడతాడని ఒక్క మనిషైనా అడుగుతాడేమోనని. వంద మంది ఉన్నారు. ఒక్కరూ అడగలేదు. అప్పలసూరి తొందరపెడుతున్నాడు. పురోహితుడు తండ్రి పేరు అడిగితే పదిమంది ఒక్కసారే సూరయ్యని చెప్పారు. తవిటినాయుడికి కోపం వచ్చింది, ఒళ్లంతా మండిపోయే కోపం. అది కూడా ఎవరి మీద చూపించాలో తెలియక నిప్పుకుండ అందుకున్నాడు. గుమ్మం పక్కన ఆడవాళ్లలో కూర్చుని ఉన్న ఉష తలెత్తి అప్పలసూరి కేసి చూసింది. ఆ చూపు ఆయనకి అర్థం కాలేదు, మెట్టు చూసుకుని దిగిపోయాడు.

పెద్దకర్మ అయిన మర్నాడు ఉష బయల్దేరింది. ఆటోలో సామాను పెట్టి మూడేళ్ల కొడుకుని ఎక్కించింది. వాడు లోపల్నుంచి "మావయ్యా, టాటా" అని చెయ్యూపాడు. తవిటినాయుడూ ఊపాడు.

"ఒకటడుగుతాను" అంది ఉష, ఆటోవాడికి వినపడకుండా. "అత్తకి బయం, సరే. ఆ రోజు సేట నీ సేతికొచ్చింది. ఎందుకు ఒంపలేదు?"

"ఊపిరాడలేదు ఉషా. దగ్గొచ్చింది."

"ముందు ఒంపీసి తరవాత దగ్గుకోవలసింది" అంది. ఆమె కళ్లజోడు పాతదే, అతను చేసిందే, ఒక కాడకి దారం చుట్టి ఉంది. "ఏడో నెలకే ఊపిరి తీసినోడివి, ఒక్క నిమిషం ఆపలేకపోయావు."

ఆటో మలుపు తిరిగేదాకా అతను అక్కడే నిలబడ్డాడు. కాడ బాగు చేసి ఇవ్వాల్సిందని అప్పుడు తట్టింది.

లోపల దేముడమ్మ గోడకి జారగిలబడి కూర్చుంది. పదమూడు రోజులుగా సరిగా తినలేదు. కొడుకు కంచంలో అన్నం పెట్టి తెస్తే ముట్టుకోలేదు. అతని ముఖం కేసి చూస్తూ అంది.

"నువ్వు మా కొడుకువేనని అప్పలసూరి మావే సెప్పీసినాడు బాబూ. కొరివెట్టించీసినాడు. పైనున్నోడూ ఇనే ఉంతాడు. అయినా నువ్వు బాగానే ఉన్నావు, నీకేటీ అవలేదు." ఆవిడ అతని మణికట్టు పట్టుకుంది. "ఆ రోజు ఒంపీసినా ఏటీ అవకపోను గదా? నానే నీ నోట్లో మన్ను కొట్టినాను గదా?"

అతను కంచం పట్టుకునే ఉన్నాడు.

"ఓపాలి అమ్మా అనరా."

తవిటినాయుడు అనాలనే అనుకున్నాడు. ఆవిడ మీద అతనికి కోపం లేదు, ఎప్పుడూ లేదు. నోరు తెరిచాడు. పెదవులు కలిశాయి, విడిపోయాయి. ఇన్నేళ్లుగా ఆ మాట గోడ అవతలి మనిషిది. ఇవతల పలకదు. ఆవిడ అతని నోటికేసి చూస్తూ ఎదురుచూస్తోంది. అతను ముద్ద కలిపి ఆవిడ నోటి దగ్గర పెట్టాడు.

"తిను అత్తా" అన్నాడు.